కరువు సంచిలో వెండి గిన్నె



ఆదికాండము 44వ అధ్యాయము మీకు బాగా తెలిసినదే. కనాను దేశములో కరువు. యాకోబు కుమారులు ధాన్యము కొనుక్కోవడానికి ఐగుప్తుకు వచ్చారు. తిరిగి వెళ్ళేటప్పుడు చిన్నవాడైన బెన్యామీను గోనెలో యోసేపు తన వెండి గిన్నెను పెట్టించాడు. సామాన్యంగా ఈ భాగము మీద ప్రసంగించేవారు అన్నదమ్ముల పశ్చాత్తాపము గురించి, యూదా చేసిన విజ్ఞాపన గురించి చెబుతారు. అది సరియైనదే. అయితే ఈ రోజు మీ ధ్యానమును ఆ గిన్నె వైపు త్రిప్పాలని నా ఆశ. ధాన్యపు గింజలు, వాటి మధ్య వెండి. ఒకటి కడుపుకు, ఒకటి ఘనతకు. కరువులో ఈ రెండూ ఒకే సంచిలో ఉన్నాయి. అనంతపురం సీమలో పుట్టి పెరిగినవారికి ఈ దృశ్యము విడమరచి చెప్పవలసిన పని లేదు. కరువు వచ్చినప్పుడు ఇంట్లోని వెండి ఎక్కడికి వెళ్తుందో మనకు తెలుసు.

గిన్నెల చరిత్ర అనేసరికి మిమ్మల్ని చాలా దూరం, జర్మనీ దేశానికి తీసుకువెళ్ళవలసి వస్తుంది. ఎందుకంటే 15వ శతాబ్దము చివరి నుండి 17వ శతాబ్దము వరకు ప్రపంచములో వెండి గిన్నెలు చేయడములో నూరెంబర్గు, ఆగ్స్‌బర్గు అనే రెండు పట్టణాల కంసాలులకు సాటి వచ్చినవారు అరుదు. అదే కాలములో, అదే దేశములో, మార్టిన్ లూథరు గారి ద్వారా సంఘ సంస్కరణ జరిగింది. ఈ రెండు సంగతులూ ఒకదానితో ఒకటి ఎంతగా పెనవేసుకున్నాయో చూస్తే మీరు ఆశ్చర్యపోతారు.

ముందు వెండి ఎక్కడిది? 1516లో బొహేమియా కొండలలో యోవాకిమ్‌స్థాల్ అనే ఊరు వెలిసింది. కొండలో వెండి పడిందని తెలిసి వేలాది మంది కూలీలు అక్కడికి తరలివచ్చారు. అక్కడి వెండితో కొట్టిన పెద్ద నాణెమునకు ఊరి పేరు మీద 'థాలర్' అని పేరు వచ్చింది. ఈ రోజు లోకమంతా పలికే 'డాలర్' అనే మాట ఆ థాలర్ నుండి పుట్టినదే. ఆ ఊరి సంఘానికి కాపరిగా యోహాన్ మాథేసియస్ అనే దైవజనుడు ఉండేవాడు. విట్టెన్‌బర్గులో చదువుకున్నాడు. లూథరు గారి ఇంట ఆయన భోజనపు బల్ల దగ్గర కూర్చొని ఆయన మాటలు విన్నవాడు. ఈ మాథేసియస్ గని కూలీలకు ఎలా ప్రసంగించాడో తెలుసా? వారి పనినే వాక్యముగా చేశాడు. రాయి, ఖనిజము, కొలిమి, మూస, కరిగించడం, వీటన్నిటినీ లేఖనములతో కలిపి బోధించాడు. ఆ ప్రసంగాలు 1562లో నూరెంబర్గులో పుస్తకముగా అచ్చయ్యాయి. దానికి ఆయన పెట్టిన పేరు 'సారెప్త'.

సారెప్త అంటే మన బైబిలులోని సారెపతు. ఏలీయా కాలములో వాన లేక దేశము మాడిపోతున్నప్పుడు, తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెము నూనె మిగిలిన విధవరాలి ఊరు అది. ఆ పేరుకు హెబ్రీ భాషలో లోహమును కరిగించి శుద్ధి చేయడానికి సంబంధించిన మాటతో చుట్టరికము ఉందని పండితులు చెబుతారు. అందుకే గని కూలీల పాస్టరుగారు ఆ పేరును ఎన్నుకున్నాడు. మనకైతే ఆ పేరులో ఇంకొకటి కూడా వినబడుతుంది. కొలిమి ఊరూ, కరువు ఊరూ ఒకటే.

ఆ వెండి మన దాకా కూడా వచ్చింది, ప్రియులారా. 1505లో పోర్చుగీసు రాజు అల్మేడా అనే అధిపతి క్రింద ఇండియాకు ఓడలు పంపినప్పుడు ఆగ్స్‌బర్గు వర్తకులైన వెల్సర్ కుటుంబము అందులో పెట్టుబడి పెట్టింది. వారి మనిషి బాల్తజార్ స్ప్రెంగర్ ఆ ఓడలలో మలబారు తీరానికి వచ్చి వెళ్ళాడు. మిరియాలు కొనడానికి జర్మన్ గనుల వెండి, రాగి లిస్బను మీదుగా మన పడమటి రేవులకు చేరేవి. అల్మేడా కన్ననూరులో ఉండగా విజయనగర రాజు పంపిన దూతలు వచ్చి కలిశారు. విజయనగరము అంటే మన పెనుకొండను ఏలిన రాజ్యమే కదా. మన నేల క్రింద కూడా సంపద లేకపోలేదు. రామగిరిలో బంగారపు గని 2001 వరకు నడిచింది. వజ్రకరూరు పొలాలలో తొలకరి వాన పడగానే జనం ఇప్పటికీ వజ్రాల కోసం నేల వైపు చూస్తూ నడుస్తారు. విత్తనం వేయడానికి తడి చాలిందా అని చూసే కళ్ళు, రాయి మెరిసిందా అని కూడా చూస్తాయి.

ఇప్పుడు కంసాలి అంగడిలోకి వెళ్దాము.

గనిలో నుండి వచ్చిన వెండిలో మష్టు ఉంటుంది. దానిని సీసముతో కలిపి, ఎముకల బూడిదతో చేసిన మూసలో పెట్టి, గాలి ఊదుతూ కరిగిస్తారు. సీసము మలినములను తనలోకి లాగుకొని మూసలోకి ఇంకిపోతుంది. వెండి మిగులుతుంది. మలాకీ గ్రంథము 3వ అధ్యాయములో ప్రభువు వెండిని శోధించువానివలె కూర్చుంటాడని ప్రవక్త చెప్పినది ఈ పనిని గురించే. మన కూటములలో ఒక ఉదాహరణ తరచుగా చెబుతారు: కంసాలి తన ముఖము వెండిలో కనబడేవరకు కాస్తాడని. వినడానికి ఇంపుగా ఉంటుంది. అయితే శుద్ధి చేసేవారు నిజముగా కనిపెట్టేది మరొకటి. చివరి పొర తొలగిపోయే క్షణములో కరిగిన వెండి మీద రంగులు పరుగెత్తి, హఠాత్తుగా ఒక మెరుపు మెరుస్తుంది. జర్మను పనివారు దానిని 'వెండి చూపు' అనేవారు. మనము వెండిలోకి చూడడం కాదు, వెండే మనలను చూచినట్లు. ఆ ఒక్క క్షణము కోసమే ఆ పనివాడు కొలిమి విడిచి లేవడు. ఈ నిజము ఆ కథకంటె బలమైనదని నా అభిప్రాయము.

తరువాత ఆ వెండి రేకును దాగలి మీద పెట్టి సుత్తితో కొడుతూ గిన్నెగా లేపుతారు. కొట్టేకొద్దీ వెండి బిరుసెక్కుతుంది. అలాగే కొడుతూ పోతే చిట్లిపోతుంది. కాబట్టి మాటిమాటికీ నిప్పులో కాచి మెత్తబరచాలి. మళ్ళీ కొట్టాలి. మళ్ళీ కాచాలి. మన ఊళ్ళలో ఆచారిగారి కుంపటి దగ్గర కూర్చున్నవారికి ఇది కొత్త కాదు. ఆ జర్మన్ గిన్నెలలో కొన్ని నిలువెల్లా బొడిపెలు లేచి ద్రాక్షగెలలాగ కనబడతాయి. కొన్ని రెండు గిన్నెలు ఒకదాని మూతి ఒకదాని మీద బోర్లించి జోడుగా చేసినవి. మూతల మీద చిన్న మనుష్యులు, పూలగుత్తులు, సైనికులు. పైన బంగారు మలాము.

చిత్రకారుడు ఆల్బ్రెహ్ట్ డ్యూరర్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. ఆయన తండ్రి కంసాలి. హంగేరి దేశము నుండి 1455లో నూరెంబర్గుకు వచ్చి స్థిరపడ్డాడు. కుమారుడు కూడా మొదట తండ్రి అంగడిలోనే సుత్తి పట్టాడు. తరువాత చిత్రకళకు మళ్ళినా, జోడు గిన్నెలకు నమూనాలు గీస్తూనే వచ్చాడు.

నూరెంబర్గులో ఎవరైనా స్వతంత్రముగా అంగడి పెట్టుకోవాలంటే పరీక్ష ఉండేది. 16వ శతాబ్దములో ఆ పరీక్షకు మూడు వస్తువులు చేసి చూపించాలి. ఒకటి రాయి పొదిగిన బంగారు ఉంగరము. ఒకటి ముద్ర చెక్కిన అచ్చు. మూడవది, అన్నిటికంటె కష్టమైనది, ఆక్విలేజియా అనే అడవి పువ్వును తలక్రిందులుగా పట్టుకున్నట్టు ఉండే గిన్నె. లోపలికి వెలుపలికి వంపులు తిరిగిన ఆ గిన్నెను రేకు చిట్లకుండా లేపగలిగినవాడే ఉపాధ్యాయుడు. ఎన్నో సంవత్సరములు ఒకరి క్రింద పనిచేసినవాడు కూడా ఇక్కడ తప్పిపోవచ్చును. ఆ పట్టణములో కంసాలులు తమకు తాము సంఘముగా ఏర్పడి చట్టాలు చేసుకోవడానికి వీలులేదు. 14వ శతాబ్దములో పనివారు తిరుగుబాటు చేసిన తరువాత పట్టణ సభవారు ఆ అధికారమును తమ చేతిలోనే ఉంచుకున్నారు. ప్రమాణము చేసిన పెద్దలు వచ్చి చూసి ఒప్పుకోవాలి.

ఈ గిన్నెలలో నన్ను ఎక్కువగా ఆకర్షించినది పూలు కాదు, బొమ్మలు కాదు. ఒక గీత. పట్టణపు తనిఖీదారుడు గిన్నె చేతికి తీసుకొని, సామాన్యముగా పాదము క్రింద కనబడని చోట, వంకరటింకరగా చిన్న గీరు గీసి వెండి పొడిని తీసేవాడు. ఆ పొడిని పరీక్షిస్తే లోపల ఎంత వెండి, ఎంత రాగి అనేది తెలిసిపోతుంది. అక్కడి లెక్కలో స్వచ్ఛమైన వెండి 16 పాళ్ళు. గిన్నెలకు 13, 14 పాళ్ళ వెండి సామాన్యము. పరీక్షలో నిలిస్తే ముద్ర వేస్తారు. నూరెంబర్గు ముద్ర 'ఎన్' అనే అక్షరము, ఆగ్స్‌బర్గు ముద్ర దేవదారు కాయ. ప్రక్కన పనివాడి సొంత గుర్తు. ముద్ర అందముగా ఉంటుంది, గీరు వికారముగా ఉంటుంది. 400 సంవత్సరములు గడిచినా ఆ రెండూ ప్రక్కప్రక్కనే ఉన్నాయి. గీరు లేకుండా ముద్ర లేదు. మీ జీవితములో కూడా ఎవరికీ కనబడని చోట ఒక గీరు ఉండి ఉంటుంది. మీరు దానిని దాచుకుంటూ వచ్చి ఉండవచ్చును.

ఈ గిన్నెలు ఎవరికోసం చేశారు? త్రాగడానికి కొన్ని. చాలావాటితో ఎవరూ త్రాగలేదు. చక్రవర్తి పట్టణానికి వస్తే బంగారు నాణెములు నింపి కానుకగా ఇచ్చేవారు. పెండ్లికి జోడు గిన్నె ఇచ్చేవారు. పనివారి సంఘాలలో కొత్తవాడు చేరితే 'స్వాగత గిన్నె' చేతికి అందించేవారు. మిగిలిన రోజుల్లో అవి బీరువాలో నిలబడి ఉండేవి. డబ్బు అవసరము పడితే కరిగించి నాణెములు కొట్టుకోవచ్చును. అంటే మన తల్లుల కాళ్ళ కడియాలు, వెండి మొలతాళ్ళ వంటివే. అలంకారమూ అవే, బ్యాంకూ అవే. శెనక్కాయ పంట ఎండిపోయిన సంవత్సరము ఎన్ని ఇళ్ళలో అవి కుదువకు వెళ్ళాయో మనకు తెలియనిదా? 1876లో మొదలైన ధాత కరువును గురించి మన పెద్దలు చెప్పుకునేవారు. ఆ రెండు మూడేండ్లలో దక్షిణ దేశపు పల్లెల వెండి నగలు బొంబాయి టంకశాలకు చేరి కరిగిపోయాయి. కడియము వేసుకున్న కాలు ఉండిపోయింది, కొన్నిచోట్ల ఆ కాలూ లేకుండా పోయింది.

వెంజెల్ యామ్నిట్జర్ అనే పనివానిని గురించి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. వియన్నాలో పుట్టి, నూరెంబర్గుకు వచ్చి, 1534లో అక్కడ ఉపాధ్యాయుడయ్యాడు. సంస్కరణ సంఘమునకు చెందినవాడు. అయినా నలుగురు రోమన్ కథోలిక చక్రవర్తులు, ఒకరి తరువాత ఒకరు, ఆయన చేత పని చేయించుకున్నారు. బల్లులు, పురుగులు, గడ్డిపోచలు, ఇవి దొరికితే ఆయన వాటి చుట్టూ మెత్తటి అచ్చుమట్టి పోసి, కాల్చి, బూడిద దులిపి, ఆ ఖాళీలో వెండి పోసేవాడు. పొలుసు పొలుసూ దిగేది. 1549లో ఆయన చేసిన ఒక భోజనబల్ల అలంకారము ఇంచుమించు ఒక మీటరు ఎత్తు. నడుమ భూమాత నిలబడి ఉంటుంది. చుట్టూ గడ్డి. పట్టణ సభవారే దానిని కొనుక్కున్నారు. 1806లో నూరెంబర్గు తన స్వాతంత్ర్యమును పోగొట్టుకొని అప్పుల్లో పడి, పట్టణపు వెండి అంతా అమ్మకానికి వచ్చినప్పుడు, మెర్కెల్ అనే వర్తకుడు దానిని కొని కరగకుండా కాపాడాడు. అది ఇప్పుడు ఆమ్‌స్టర్‌డాము మ్యూజియములో ఉంది. అటువంటి వేల గిన్నెలకు మెర్కెల్ దొరకలేదు. 1618 నుండి 1648 వరకు సాగిన ముప్పై సంవత్సరముల యుద్ధములో సైనికుల జీతాలకు ఎన్నో గిన్నెలు కరిగిపోయాయి.

ఇంకొక విచిత్రము చెప్పనివ్వండి. ఆ పనివారు టెంకాయ చిప్పకు కూడా వెండి కట్టేవారు! అవును, మనము పొయ్యిలో వేసే చిప్పకే. సముద్రాల అవతల నుండి వచ్చిన అపురూపమైన కాయ అని దాని మీద పాత నిబంధన దృశ్యాలు చెక్కి, వెండి పాదము, వెండి అంచు, వెండి మూత పెట్టి రాజుల బల్ల మీద ఉంచారు. అందులో పోస్తే విషము విరిగిపోతుందని కూడా నమ్మారు. 1632లో స్వీడను రాజు గుస్తావస్ అడాల్ఫస్‌కు ఆగ్స్‌బర్గు వారు ఇచ్చిన ప్రసిద్ధమైన బీరువా శిఖరము మీద కూర్చున్నది ఏమిటనుకున్నారు? హిందూ మహాసముద్రపు జంట టెంకాయ ఒకటి. ఒకచోట భిక్షగాని చేతిలో ఉన్న చిప్ప, మరొకచోట రాజుకు కానుక. వస్తువు విలువ వస్తువులో ఉందా, చూసేవారి కంటిలో ఉందా?

అయితే ఈ మెరుపుకు ఒక వెల ఉంది. దానిని దాటవేస్తే నేను మీకు సగము సత్యమే చెప్పినవాడనవుతాను. బంగారు మలాము ఎలా చేసేవారంటే, బంగారమును పాదరసములో కరిగించి ముద్దగా చేసి, గిన్నెకు పూసి, నిప్పుల మీద కాచేవారు. పాదరసము ఆవిరై పోతుంది, బంగారము అంటుకుంటుంది. పోయిన ఆవిరి ఎక్కడికి పోయింది? ఆ కుర్రవాడి రొమ్ములోకి. చేతులు వణికేవి, పండ్లు ఊడేవి, మనసు చెదిరిపోయేది. 1473లోనే ఉల్రిహ్ ఎల్లెన్‌బోగ్ అనే వైద్యుడు ఆగ్స్‌బర్గు కంసాలులను ఈ విష ధూమమును గురించి హెచ్చరిస్తూ చిన్న పత్రిక వ్రాశాడు. కిటికీలు తెరచి పనిచేయండి, నోటికి గుడ్డ కట్టుకోండి అనే పద్ధతిలో సలహాలు ఇచ్చాడు. అది అచ్చయ్యేసరికి 1524 వచ్చింది. యాభై ఏండ్లు! ఈలోగా గిన్నెలు మెరుస్తూనే ఉన్నాయి. సంఘములో ఒక వస్తువు మెరుస్తున్నప్పుడు, అది ఎవరి ఊపిరి అని అడగడం అవిశ్వాసము కాదు.

ఇక లూథరు గారి సంగతి. కత్తెరీనమ్మను పెండ్లాడిన తరువాత ఆయన ఇల్లు సత్రములాగ ఉండేది. విద్యార్థులు, పారిపోయి వచ్చిన సన్యాసులు, బంధువుల పిల్లలు. జీతము చాలేది కాదు. గొప్పవారు అభిమానముతో వెండి గిన్నెలు బహుమానముగా ఇచ్చేవారు. 1527 ఆరంభములో ఒక స్నేహితునికి వ్రాసిన లేఖలో ఆయన తన అప్పులను గురించి చెబుతూ, మూడు గిన్నెలను 50 గుల్డెన్లకు కుదువ పెట్టానని వ్రాశాడు. సంస్కర్త ఇంటి వెండి కూడా కుదువకు వెళ్ళింది, ప్రియులారా! శేటు అంగడి మెట్లు ఎక్కుతూ తల దించుకున్న సహోదరీ, నీవు ఒంటరిదానవు కాదు. ఇంకొక కథ కూడా ఆయనను గూర్చి పరంపరగా చెబుతారు. ఊరు విడిచి వెళ్తున్న బీద విద్యార్థి ఒకడు దారి ఖర్చులకు అడిగితే చేతిలో డబ్బు లేక, ఇంట్లో ఉన్న వెండి గిన్నెను తీసి ఇచ్చాడట. అతడు మొహమాటపడి తీసుకోకపోతే, దానిని చేతులతో నొక్కి వంచివేసి, నాకు వెండి గిన్నె అక్కరలేదు, కంసాలి దగ్గరికి తీసుకుపో అన్నాడట.

ఇటువంటి పనిని ఆదిసంఘపు పెద్దలు కూడా చేశారు. 4వ శతాబ్దములో మిలాను బిషపు అంబ్రోసు గారు గోతులు చెరపట్టిన వారిని విడిపించడానికి సంఘ పాత్రలను కరిగించాడు. విరోధులు నిందించినప్పుడు, దేవునికి బంగారముకంటె ఆత్మలను కాపాడడం మేలు అనే అర్థములో జవాబు వ్రాశాడు. మన సంఘాలలో ఈ ప్రశ్న ఇంకా ఉంది. ఎవరో విదేశములో ఉద్యోగము చేస్తున్న బిడ్డ కృతజ్ఞతార్పణగా వెండి పాత్ర చేయిస్తానంటాడు. కమిటీలో ఒకరు లేచి, బోరులో నీళ్ళు లేవు, ట్యాంకరు డబ్బులు చూడండి అంటారు. రెండవవారు, దేవుని బల్ల మీద స్టీలు గ్లాసు పెట్టడానికి మనసు ఒప్పదు అంటారు. ఇద్దరిలో ఎవరినీ నేను తప్పుపట్టను. బేతనియలో అచ్చ జటామాంసి అత్తరు పగులగొట్టిన స్త్రీని ప్రభువు గద్దించలేదు. అయితే ఆమె తనదే ఇచ్చింది, బీదలకు చెందవలసిన దానిని ఇవ్వలేదు. ఆ లెక్క తేలితే మిగిలిన చర్చ తేలికవుతుంది. నా మట్టుకు నేను మొదట ట్యాంకరుకే చేయి ఎత్తుతాను.

కాని పాత్ర వెండిదా స్టీలుదా అనేదానికంటె పెద్ద ప్రశ్న ఒకటి ఉంది. అది ఎవరి పెదవులకు చేరుతుంది?

లూథరు గారికి నూరు సంవత్సరాల ముందు పాశ్చాత్య సంఘములో సామాన్య విశ్వాసులకు రొట్టె మాత్రమే ఇచ్చేవారు. పాత్ర గురువులకే. బొహేమియా దేశములో, ప్రాగు పట్టణములో, పాత్ర అందరిదీ అని కొందరు లేచారు. 1415 జూన్‌లో కాన్‌స్టన్స్ మహాసభ, పాత్రను సామాన్యులకు ఇవ్వరాదని తీర్మానించింది. అదే సంవత్సరము జూలై 6న యాన్ హుస్ గారిని అక్కడే సజీవముగా దహించారు. ఆయన అనుచరులు తమ ధ్వజము మీద ఏమి వేసుకున్నారో తెలుసా? సింహము కాదు, కత్తి కాదు. గిన్నె. ఇన్ని సంవత్సరాలు యుద్ధము చేసి, 1436లో తమకు పాత్ర ఇచ్చేట్లు ఒడంబడిక సంపాదించారు. 1520లో లూథరు గారు అదే మాట వ్రాశారు. 1521 క్రిస్మసునాడు విట్టెన్‌బర్గులో కార్ల్‌స్టాట్ సామాన్య జనానికి రొట్టె, పాత్ర రెండూ ఇచ్చాడు. 1525లో నూరెంబర్గు పట్టణము సంస్కరణను అంగీకరించింది. అంతకు ముందు గురువు ఒక్కడే త్రాగే గిన్నె చిన్నది చాలు. ఇప్పుడు సంఘమంతా త్రాగాలి. కంసాలులు పెద్ద పాత్రలు చేయవలసి వచ్చింది. సిద్ధాంతము మారితే సుత్తి దెబ్బ కూడా మారుతుంది, చూశారా?

ఆ సంస్కరణ సంఘముల నుండే బెంజమిన్ షుల్ట్జ్ గారి వంటి జర్మన్ మిషనరీలు 18వ శతాబ్దములో మన తెలుగు నేర్చుకున్నారు. ఆయన తెలుగు పుస్తకాలు జర్మనీలోని హాలే పట్టణములో 1746 ప్రాంతములో అచ్చయ్యాయి. 1865లో హెర్మన్స్‌బర్గు మిషను వారు సూళ్ళూరుపేటకు వచ్చారు. గుత్తి, బళ్ళారి ప్రాంతాలలో లండన్ మిషను వారు సేవ చేశారు. మార్గాలు వేరైనా వారు తెచ్చిన బల్ల ఒకటే: అందరికీ ఒకే రొట్టె, అందరికీ ఒకే పాత్ర. అయితే ఆ బల్ల ఎక్కడికి వచ్చింది? బావి దగ్గర కడవ తాకకూడని ఊళ్ళకు. టీ అంగడిలో రెండు గ్లాసుల పద్ధతి నడిచిన రోడ్లకు. లోపల గాజు గ్లాసు, బయట గోడ మీద వేరే గ్లాసు. త్రాగినవాడే కడిగి బోర్లించి పోవాలి. 1955లోనే చట్టము వచ్చింది, 1989లో ఇంకా గట్టి చట్టము వచ్చింది. అయినా ఈ పద్ధతి చాలా ఊళ్ళలో చాలా కాలము పోలేదు. వారమంతా బయట గ్లాసుతో త్రాగినవాడు ఆదివారము ఆరాధనలో పాత్రను పెదవులకు ఆనించినప్పుడు, ఆ మనిషికి అది ఎంత పెద్ద సువార్తయో వేదాంత గ్రంథాలు చెప్పలేవు. మరి మన సంఘాలలోనే, ఆ కులమువారు ముందు, ఈ కులమువారు తరువాత అని వరుసలు చూసుకునేవారు లేరా? వారి తరువాత పాత్ర పుచ్చుకోవడానికి ఇష్టము లేక ఏదో సాకు చెప్పి బల్ల దగ్గరికి రానివారు లేరా? ఆరోగ్యము కోసము చిన్న చిన్న గ్లాసులు పెట్టుకోవడం వేరు. దానిని నేను ఆక్షేపించను. ప్రక్కవాని పెదవి తగిలిందని అసహ్యపడడం వేరు. యాన్ హుస్ అనుచరులు ప్రాణము పెట్టి సంపాదించిన గిన్నెను మనము మర్యాద కోసము ప్రక్కన పెడుతున్నామేమో పరీక్షించుకుందాము.

ప్రాగులో టీన్ దేవాలయమని ఒకటి ఉంది. హుస్ అనుచరుల రాజైన యూరి ఆ దేవాలయపు ముఖము మీద, రెండు గోపురాల నడుమ, అందరికీ కనబడేట్లు పెద్ద బంగారు గిన్నెను నిలబెట్టించాడు. 1620లో వైట్ మౌంటెన్ యుద్ధములో ఆ పక్షము ఓడిపోయింది. గెలిచినవారు గిన్నెను దించి కరిగించి, ఆ బంగారముతో 1626లో అదే చోట నిలిపిన మరియమ్మ విగ్రహము తల చుట్టూ వలయము చేయించారు. గిన్నె కిరీటమై కూర్చుంది. 300 సంవత్సరములకు పైగా అలాగే ఉంది. 1999లో పోపు రెండవ జాన్ పాల్ గారు యాన్ హుస్ గారికి కలిగిన క్రూర మరణము విషయమై విచారము వెలిబుచ్చారు. ఇటీవలి సంవత్సరాలలో, ఆ దేవాలయము రోమన్ కథోలికులదే అయినప్పటికీ, వారి సమ్మతితోనే ఒక బంగారు పూత గిన్నెను మళ్ళీ ఆ గోడ మీద పెట్టారు. పైన మరియమ్మ, క్రింద గిన్నె. ఇప్పుడు రెండూ ఉన్నాయి.